నేను పడ్డచోట పొర్లుదండాలు

మా ఊరి విఠలుని గుడిలో ఏటా చలికాలంలో ఏడు రోజుల భజన సప్తాహం జరుగుతుంది. ఈసారి నేను పోయేసరికి ఊరి కమాను దగ్గర కట్టిన ఫ్లెక్సీలో నా పేరు ఉంది. నాయకుల ఫోటోలు పోగా మిగిలిన కాస్త జాగాలో, 'ఆఖరి రోజు ఉదయం పొర్లుదండాల సేవ. ఈ సేవకు ఆద్యురాలు శ్రీమతి రుక్మిణి గారు. బాల్యంలో వీరికి స్వామి కలలో కనిపించి ఆనతిచ్చినారు' అని అచ్చు వేయించారు. ఆటో దిగకుండా రెండుసార్లు చదివాను. నాకు అరవై దాటాయి. మెడలో తులసిమాల పడి యాభై ఏండ్లు కావస్తోంది. ఏకాదశి ఉపవాసం జ్వరంలో కూడా తప్పలేదు. నిజామాబాద్‌లో మా వాడకట్టు ఆడవాళ్లను వారం వారం కూర్చోబెట్టుకుని పురాణం చదివి అర్థం చెప్తాను. ఇంత చేసినా స్వామి ఒక్కసారి కూడా నా కలలోకి రాలేదు. నా కలలోకి వచ్చేది లెక్కల పరీక్ష ఒక్కటే.

ఆ రోజు భజన అయ్యాక కమిటీ కార్యదర్శి నా చేతిలో మైకు పెట్టి, "గా కల సంగతి రెండు ముక్కలు చెప్పు అక్కా" అన్నాడు. నిజం చెప్పాలనే నిలబడ్డాను. ముందు వరసలో ముసలి తల్లులు కొంగులు నెత్తిమీద కప్పుకుని, నేను నోరు తెరవకముందే కండ్లు తుడుచుకోవడం మొదలుపెట్టారు. అంత శ్రద్ధగా ఏడుస్తున్నవాళ్లను ఆపే ధైర్యం నాకు లేకపోయింది. "అంతా స్వామి దయ" అని మైకు ఇచ్చేశాను. అందులో అబద్ధం లేదు కానీ అది సగమే. మిగిలిన సగం ఏమిటంటే, నేను సైకిల్ మీద నుంచి పడ్డాను.

మా ఊరు బోధన్ నుంచి రెంజల్ పోయే దిక్కున ఉంటుంది. ఊళ్లో బడి ఏడో తరగతి వరకే. ఆ పైన చదవాలంటే బోధన్ పోవాలి. బడి వేళకు బస్సు లేదు, నడిస్తే గంటన్నర. మగపిల్లలు సైకిళ్ల మీద పోయేవాళ్లు. ఆడపిల్లలు ఏడు అయిపోగానే చెరుకు నరకడానికో, పసుపు ఏరడానికో పోయేవాళ్లు. మా నాన్నను మేము బాపు అని, అమ్మను అవ్వ అని పిలిచేవాళ్లం. ఆయనకు మూడెకరాల చెరుకు, రెండు ఎడ్లు, ఒక పాత సైకిల్, ఒక జత కంచు తాళాలు ఉండేవి. వీటిలో తాళాలంటేనే ఆయనకు ఎక్కువ ప్రేమ అని మా అవ్వ అనుమానం. తెల్లవారుజామున ఆయన దేవుని ముందు తాళాలు వాయిస్తుంటే, అవ్వ వంటింట్లో జొన్నరొట్టె చరుస్తుంటే, రెండు చప్పుళ్లూ కలిసి నడిచేవి. ఎప్పుడైనా లయ తప్పితే తప్పు రొట్టెదే అనేవాడు బాపు. బయట నుంచి చక్కెర ఫ్యాక్టరీ వాసన వచ్చేది. బెల్లం మాడినట్టు, తడి గోనెసంచి కుళ్లినట్టు ఉండే ఆ వాసన మాకు వాసనలాగే తెలిసేది కాదు. చుట్టాలొచ్చి ముక్కు మూసుకుంటే, వీళ్లకేదో జబ్బు అనుకునేవాళ్లం.

ఏడో తరగతి అయిపోయాక నేను చదువుతానని అన్నం మానేశాను. ఉపవాసాల ఇల్లు కాబట్టి మొదటి పూట ఎవరూ పట్టించుకోలేదు. రెండో రోజుకు బాపు దిగివచ్చాడు. ఆయన మంచివాడే, కానీ భయస్థుడు. పక్క ఊళ్లో ఒక పిల్ల సైకిల్ మీద నుంచి పడి మోచెయ్యి విరగ్గొట్టుకుంది. నాటువైద్యుడు వెదురుదబ్బలు పెట్టి కట్టిన కట్టుకు ఆ చెయ్యి వంకరగా అతికింది. ఆ చేతిని బాపు కండ్లారా చూసి వచ్చాడు.

"పదో తరగతి దాక సదువు. ఊరోళ్లు ఏమన్నా నేను సూసుకుంట" అన్నాడు. "గని ఒక్కసారి పడ్డవని నాకు తెలిసిందా, గా దినమే సైకిల్ బంద్, బడి బంద్."

"సైకిల్ నేర్సుకునేటోళ్లు పడకుంట ఎట్ల నేర్సుకుంటరు?" అంది అవ్వ.

"పడకుంటనే నేర్సుకోవాలె."

మూలకు కూర్చుని పొగాకు నలుపుతున్న బాపమ్మ తల ఎత్తింది. బాపమ్మ అంటే బాపును కన్నతల్లి, మా ఇంట్లో ఆయనకు జడవని ఒకే ఒక్క మనిషి. "ఔనే రుక్కీ, మీ బాపు నడక నేర్సినప్పుడు పడ్డడా? పుట్టుడు పుట్టుడే తాళాలు వట్టుకోని పండరికి నడిసి పోయిండు" అంది.

బాపమ్మ భక్తి గురించి కొంత చెప్పాలి. ఆమె మెడలోనూ తులసిమాల ఉండేది. మాల వేసుకున్నవాళ్లు పొగ తాగరాదు. బాపమ్మకు చుట్ట లేకపోతే పూట గడవదు. అందుకని రోజుకు మూడుసార్లు మాల తీసి గోడ మేకుకు తగిలించి, పెరట్లోకి పోయి చుట్ట కాల్చుకుని, నోరు పుక్కిలించి, మళ్లీ వేసుకునేది. "మాల తీసినంక నేను మాల ఏసుకున్నదాన్ని గాదు గదా, ఆయనకెందుకు కోపం?" అనేది. స్వామితో ఆమె వ్యవహారం పట్వారీతో రైతు వ్యవహారంలాగా ఉండేది. భయమూ ఉంది, గౌరవమూ ఉంది, పని కాకపోతే గడపలో కూర్చుని తిట్టే హక్కూ ఉంది. బర్రె ఈనినా, బాపుకు జ్వరం తగ్గినా పొర్లుదండాలు మొక్కుకునేది. సప్తాహం ఆఖరి రోజున తడిబట్టలతో, గుడి చుట్టూ ఆ గుండ్రాళ్ల మీద, ఎడ్ల పేడ మీద, డెబ్బై ఏండ్ల మనిషి దొర్లుకుంటూ పోతుంటే మేము వెనక నీళ్లు చల్లుతూ నడిచేవాళ్లం. లేచి బట్టలు దులుపుకుని, "ఎన్ని సుట్లైనయే?" అని అడిగేది. ఒక్క గీత ఉండేది కాదు ఒంటిమీద.

బాపు పొలానికి పోయాక ఆమె నన్ను కళ్లం దగ్గరికి తీసుకుపోయింది. అక్కడ ఎండిన చెరుకాకు నడుమెత్తు కుప్ప ఉంది.

"తొక్కుడు నాకు రాదు. గది నీకు నువ్వే నేర్సుకుంటవ్. పడుడు నేను నేర్పిస్త" అంది. "ముప్పై ఏండ్ల సంది దొర్లుతున్న, ఒక్క బొక్క ఇరిగిందా? ఎక్కు."

కుప్ప ఎక్కాను. కిందికి పడమంది. పడ్డాను. రెండు చేతులూ ముందుకు పెట్టి కప్పలాగా పడ్డాను. మణికట్టు కలుక్కుమంది.

"చేతులు ముంగటికి వెట్టకు. భూమికి చెయ్యి అందిస్తే గుంజుకుంటది. దండం వెట్టినట్టు ఎదకు వెట్టుకో. గదువ లోపటికి వంచు. మల్ల ఎక్కు."

మళ్లీ ఎక్కాను. ఈసారి చేతులు జోడించి, గడ్డం లోపలికి వంచాను కానీ కర్రలాగా బిగుసుకుపోయి నిలువునా కూలబడ్డాను. బాపమ్మ చుట్ట వెలిగించుకుంది. మాల అప్పటికే ఇంట్లో మేకుకు ఉంది.

"పేరు వలుకు. 'విఠలా' అను, గట్టిగ."

"స్వామి కాపాడుతడా బాపమ్మా?"

"ఆయనకు నూరు పనులుంటయ్. ఊపిరి బిగవట్టినోని ఒళ్లు కట్టెలెక్కైతది. కట్టె ఇరుగుతది. పేరు వలికితే ఊపిరి బయటికి వోతది, ఒళ్లు మెత్తగైతది. ముందుగాల నువ్వు ఊపిరి ఇడువు, తరువాత ఆయన సంగతి."

ఆ వేసవి అంతా నేను పడ్డాను. కుప్ప మీద నుంచి పడ్డాను, బండి మీద నుంచి పడ్డాను, చివరికి సైకిల్ మీద నుంచి పడ్డాను. అది మగవాళ్ల సైకిల్. సీటు నాకు అందదు. నడుమ కమ్మీ కింద నుంచి కాలు అవతలికి దూర్చి, వంకరగా వేలాడుతూ తొక్కాలి. దాన్ని కైంచీ తొక్కుడు అనేవాళ్లం. లంగా గొలుసులో ఇరుక్కుంటే సైకిల్ మనతోనే పడుతుంది. అప్పుడు హ్యాండిల్‌ను ఏ పక్కకు నూకేయాలో, ఏ భుజం మీద దొర్లాలో బాపమ్మ నీడలో కూర్చుని చెప్పేది. ఆమె అన్నింటికంటే ఎక్కువసార్లు చెప్పింది ఒక మాట. "పడుతున్ననని ఎరకైనంక, ఇంక నిలవడాల్నని కొట్లాడకు. గట్ల కొట్లాడేటోళ్లకే బొక్కలిరుగుతయ్. పడుడే నిశ్చయమైతే సక్కగ పడు." శరణాగతి మీద ఆ తర్వాత నేను ఎన్నో ప్రవచనాలు విన్నాను. కొన్ని నేనే చెప్పాను. ఒకాయన ఆ ఒక్క మాట మీద వారం రోజులు మాట్లాడి, ఎనిమిదో రోజు శాలువా కప్పించుకుని పోయాడు. చెరుకాకు మీద బాపమ్మ చెప్పినంత తేటగా ఎవరూ చెప్పలేదు, నాతో సహా.

బడి తెరిచారు. చెరుకు నరికే కాలం వచ్చేదాకా తోవ బాగానే ఉండేది. ఆ తర్వాత బోధన్ పోయే ప్రతి ఎడ్లబండీ తోవ పొడుగునా చెరుకు గడలు రాల్చుకుంటూ పోయేది. చక్రాల కింద నలిగి రసం కారి, ఆ రసానికి మన్ను అంటుకుని, సబ్బు రాసినట్టు ఉండేది. వారానికి రెండుసార్లు పడేదాన్ని. "విఠలా" అని అరుస్తూ దొర్లి, లేచి, చుట్టూ చూసేదాన్ని. బండివాళ్లు నవ్వేవాళ్లు. ఇంటికి వచ్చేముందు కాలువలో లంగా జాడించుకునేదాన్ని. అవ్వ వాసన చూసి, "ఇయ్యాల గూడ చెరుకురసంల తానం చేసినవా?" అని గుసగుసగా అడిగి, ఆ లంగా బాపు కంట పడకుండా పెరటి తీగ మీద లోపలివైపు ఆరేసేది. మా ఇంట్లో ముగ్గురు ఆడవాళ్లం కలిసి ఒక భక్తుణ్ణి రోజూ మోసం చేస్తున్నామన్న సంగతి నాకు తెలుసు. రోజూ సాయంత్రం భజనలో క్షమించమని అడిగి, మరునాడు మళ్లీ పడేదాన్ని.

ఆ ఏడు సప్తాహానికి సరిహద్దు అవతల నుంచి ఒక మహారాజ్ వచ్చాడు. మా దిక్కు కీర్తన చెప్పే పెద్దమనిషిని మహారాజ్ అంటాం. ఆయనది నిండైన శరీరం. మరాఠీ ఎక్కువ, తెలుగు తక్కువ, మిరపకాయ బజ్జీలంటే ప్రాణం. ఆఖరి రోజున ఊరేగింపుగా ఆయనను గుడి నుంచి ఊరి బయటిదాకా నడిపించుకుపోయి, తిరిగి తీసుకురావడం ఆనవాయితీ. ముందు జెండాలు, వెనక మద్దెల, తాళాలు, ఆ వెనక ఊరంతా. ఆ రోజు మా బడిలో పరీక్ష ఉంది. రాసి, ఊరేగింపు అందుకోవాలని ఆదరాబాదరా వస్తున్నాను. మా ఊరి ముందు ఒక దిగుడు ఉంటుంది. ఆ దిగుడు మొదట్లోనే చూశాను. కింద తోవ నిండా ఊరు, నాకు ఎదురుగా వస్తోంది. అందరికంటే ముందు మహారాజ్. ఆయన పక్కన తాళాలు వాయిస్తూ బాపు.

బ్రేకు నొక్కాను. పట్టలేదు. ఇంకోసారి నొక్కాను. అడుగున చెరుకు రసం, ఎదురుగా నా చదువును ఆపగల మనిషి, ఆ పక్కన దేవునితో సమానమైన మనిషి. గుద్దితే మహారాజ్‌ను గుద్దాలి. గుద్దకపోతే బాపు కండ్ల ముందు పడాలి. ఇంకో దారి లేదని తెలియడానికి నాకు చక్రం రెండు చుట్లు తిరిగేంత సేపు పట్టింది. సైకిల్‌ను కుడివైపు గట్టు మీదికి నూకేశాను. చేతులు ఎదకు జోడించాను, గదువ వంచాను. "విఠలా, విఠలా" అని గొంతు చించుకుని అరుస్తూ, మూడు దొర్లుళ్లు దొర్లి, మట్టి, రసం, చెరుకు పిప్పి అన్నీ పూసుకుని, సరిగ్గా మహారాజ్ పాదాల దగ్గర ఆగాను. చేతులు ఇంకా జోడించే ఉన్నాయి.

మద్దెల ఆగింది. తల పైకెత్తే ధైర్యం లేక ఆయన కాలి వేళ్లను చూస్తూ పడుకున్నాను. నా బడి అయిపోయింది అనుకున్నాను.

"పోర్గీ లోటాంగణ్ ఘాల్తేయ్!" అని పైనుంచి గొంతు వినిపించింది. పిల్ల పొర్లుదండం పెడుతోంది అని దాని అర్థం. ఆ మాట వెనక్కి పాకింది. ఆడవాళ్లు "విఠల విఠల" అని మొదలుపెట్టారు. ఎవరో వచ్చి నా నుదుటికి బుక్కా, అదే విఠలుని భక్తులు పెట్టుకునే నల్లపొడి, పూశారు. మహారాజ్ వంగి, అంత శరీరంతో వంగడం ఆయనకు తేలిక కాదు, నా రెక్క పట్టి లేపాడు. ఆయన కండ్లలో నీళ్లు తిరుగుతున్నాయి.

"ఏం పాయ్‌జె బిడ్డా? మాగ్, మాగ్" అన్నాడు. ఏం కావాలో అడుగు, అడుగు అని.

మహారాజ్ ముందు అబద్ధం ఆడితే కండ్లు పోతాయి. బాపు ముందు నిజం చెబితే బడి పోతుంది. నాకు అప్పుడు పన్నెండేండ్లు. కండ్లూ కావాలి, బడీ కావాలి.

"బడికి పోవాలె మహారాజ్. దినాం పోవాలె" అన్నాను. అది నిజం.

ఆయన ఊరి వైపు తిరిగి రెండు చేతులూ ఎత్తాడు. ఈ పిల్ల చదువు విఠలుని పని అని, అడ్డం వచ్చినవాడు ఆయనకు అడ్డం వచ్చినట్టేనని మరాఠీలో ప్రకటించాడు. అర్థమైనవాళ్లు అర్థం కానివాళ్లకు చెప్పారు. బాపు తల వంచుకుని, గట్టు మీద మెడ తిరిగి పడి ఉన్న సైకిల్‌ను లేపి నిలబెట్టాడు.  ఇంటికి పోయాక కూడా 'బడి బంద్' అనలేదు.

మరునాడు నాకు అన్నం సహించలేదు. భక్తుల మేళాన్ని మోసం చేశానని బాపమ్మ దగ్గర ఏడ్చాను. "నేను మొక్కలే బాపమ్మా, పడ్డ."

"ముప్పై ఏండ్ల సంది ఆ రాళ్ల మీద దొర్లిన" అంది బాపమ్మ. "ఏ మహారాజన్న ఒక్కనాడు 'ముసల్దానా, ఏం గావాలె' అని అడిగిండా? పడ్డదానికి దొరికింది. మూసుకోని రొట్టె తిను."

కథ అక్కడ ఆగితే బాగుండేది. మరుసటి ఏడు సప్తాహానికి నెల ముందు, ఏడో తరగతి చదువుతున్న ఒక పిల్ల మా పెరట్లోకి వచ్చి, "అవ్వా, నన్ను గూడ పడెయ్యి" అని బాపమ్మను అడిగింది. బాపమ్మ మాల మేకుకు తగిలించి కళ్లానికి నడిచింది. ఆఖరి రోజున ఆ పిల్ల మహారాజ్ కాళ్ల ముందు దొర్లింది. ఆయన అలవాటు ప్రకారం ఏం కావాలని అడిగాడు. బడి అంది. వాళ్ల నాన్న ఊరందరి ముందూ నోరు మూసుకోవాల్సి వచ్చింది. ఆ మరుసటి ఏడు నలుగురు. ఆపైన మహారాజ్‌కు అడుగు వేయడానికి తోవ దొరికేది కాదు. ఒక పిల్ల మాత్రం తొందరలో తికమకపడి చేతిగడియారం అడిగింది. దానికి గడియారమే ఇప్పించారు, బడికి మాత్రం పంపలేదు. అప్పటి నుంచి బాపమ్మ పడడంతో పాటు అడగడం కూడా నేర్పేది.

ఇప్పుడు ఊళ్లోనే పది వరకు బడి ఉంది. పిల్లలు స్కూటీల మీద కాలేజీలకు పోతున్నారు. ఫ్యాక్టరీ మూతపడి ఏండ్లయింది. ఊళ్లో ఆ వాసన లేదు, చెరుకు పోయి వరి వచ్చింది. పొర్లుదండాలు మాత్రం మిగిలాయి. ఈసారి గుడి ముందు పచ్చ తివాచీ పరిచి, దాని కింద పరుపులు వేశారు. పైన డ్రోన్ ఎగురుతోంది. ఒకామె కొడుకుకు సర్కారు కొలువు రావాలని దొర్లింది. ఇంకొకామె పక్క ఇంటివాళ్లతో గోడ తగాదా తేలాలని దొర్లింది. మొక్కులను చూసి నవ్వే అర్హత నాకు లేదు, స్వామి ఎవరి మాట ఏ దారిన వింటాడో నాకంటే బాగా ఎవరికి తెలుసు? కానీ పరుపు మీద కూడా వాళ్లు చేతులు ముందుకు పెట్టి పడుతున్నారు. చూడలేకపోయాను. నిజామాబాద్‌లో మా భజన ఆడవాళ్లు స్నానాల గదుల్లో జారి తుంటి విరగ్గొట్టుకుంటున్నారు. డాక్టర్లు పడకండి అని చెప్పి పంపుతారు. పడితే ఎట్లా అని ఎవరూ చెప్పరు. నిరుడు నేను భజన మందిరం మెట్ల మీద జారి నాలుగు మెట్లు దొర్లాను. కండ్లద్దాలు పగిలాయి. నేను పగలలేదు.

అప్పట్లో, మహారాజ్ ముందు పడ్డ ఆ సంగతి బాపుతో ఎత్తడానికి నాకు మూడేండ్లు పట్టింది. పదో తరగతి పాసయ్యాను. ఇంటర్‌కు నిజామాబాద్ పోతాను, హాస్టల్లో ఉంటాను అని అడగాలి. ఆయన ఒప్పుకున్నది పది దాకా. పైగా అది కూడా దొంగతనంగా దొరికిన చదువు అని నా లోపల నలుగుతోంది. మళ్లీ ఇంకోటి అడిగే ముందు పాతది ఒప్పుకోవాలి అనిపించింది. బాపు పెరట్లో కూర్చుని తాళాలకు చింతపండు రుద్దుతున్నాడు.

"బాపు, గా దినం నేను దండం వెట్టలే. సైకిల్ మీదికెల్లి పడ్డ. గంతకుముందు గూడ శానసార్లు పడ్డ."

ఆయన రుద్దుడు ఆపలేదు. "ఎర్కే" అన్నాడు.

"ఎట్ల?"

"గా దినం పొద్దుగాల చైనుకు నూనె వోస్తుంటె బ్రేకు తీగ పీసులు పీసులైంది కండ్లవడ్డది. సప్తాహం గడబడిల, రేపు చేద్దామని ఇడిసిపెట్టిన." తాళం తిప్పి రెండో వైపు రుద్దాడు. "దిగుట్ల నువ్వు కనవడ్డవ్. బ్రేకు లేదని గా మందిల నాకొక్కనికే ఎర్క. తాళాలు కింద పారేసి చేతులు జోడించిన. ఎవ్వలు సూడలే, అందరు నిన్నే సూస్తుండిరి. పోరి లేస్తె సాలు, దాని సదువుకు అడ్డం రానని మొక్కుకున్న."

 ఊరంతా నా మొక్కు గురించి మూడేండ్లుగా చెప్పుకుంటోంది. మొక్కినవాడు ఇంట్లో తాళాలు తోముకుంటున్నాడు.

"మరి ఇంటర్‌కు నిజామాబాద్ పోవాల్నని ఉన్నది బాపు" అన్నాను, అదే ఊపులో.

బాపు తాళాలు కింద పెట్టి, పంచె అంచుకు చేతులు తుడుచుకున్నాడు. ఆయన ముఖంలో కోపం లేదు. బేరంలో మోసపోయినవాడి దిగులు ఉంది.

"'పది దాక' అని మొక్కుకోవాల్సి ఉండె" అన్నాడు. "భయంల గా మాట యాదికి రాలే."

ఆయన యాదిమరిచిన ఆ ఒక్క మాట మీద నేను బి.ఎడ్. దాకా చదివాను.